మంచె ఎక్కాలా... మాటు వేయాలా?

చెట్టు మీద కూర్చుంటే జింక కంట పడరు. నేల మీద గుడారంలో కూర్చుంటే కింద పడరు. అమెరికాలో జింక వేటకి వెళ్లేవాళ్లని ఏటా వేధించే ప్రశ్న ఇది. పైకి చిన్న సందేహంలానే ఉంటుంది. కానీ దాని వెనక ఓ కుటుంబం బెంగ దాగి ఉంటుంది.

నవంబరు మూడో వారం అటూ ఇటూగా ఓ శనివారం. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం. తెల్లవారడానికి ఇంకా రెండు గంటల టైముంది. బయట గడ్డకట్టే చలి. అయినా పల్లెల్లో చాలా ఇళ్ల వంటగదుల్లో లైట్లు వెలుగుతుంటాయి. ఫ్లాస్కుల్లో కాఫీ నింపుకుంటారు. ఉన్ని మేజోళ్లు రెండేసి జతలు తొడుక్కుంటారు. పైన కళ్లు జిగేల్‌మనిపించే నారింజ రంగు కోటు. ఆ రోజు తుపాకులతో జింక వేట మొదలు. థాంక్స్‌గివింగ్ పండక్కి ముందొచ్చే శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. ఆ ఒక్క రాష్ట్రంలోనే ఐదు లక్షల మందికి పైగా దానికోసం లైసెన్సు తీసుకుంటారు.

అలాంటి ఓ ఇంటిని ఊహించుకోండి. అరవై దాటిన తాత బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. పదకొండేళ్ల మనవరాలు నిద్ర కళ్లతోనే హుషారుగా గుమ్మం దగ్గర నించుంది. వేటకి రావడం ఆ పిల్లకిదే మొదటిసారి. నానమ్మ కాఫీ అందిస్తూ అంటుంది, ‘ఈ ఏడాదైనా ఆ చెట్టెక్కడం మానెయ్యకూడదూ?’

‘నలభై ఏళ్లుగా ఎక్కుతున్నా. ఒక్కసారైనా పడ్డానా?’ అంటాడు తాత.

నానమ్మ దగ్గర దీనికి జవాబు లేదు. కానీ బెంగ మాత్రం తీరదు.

మనకి తెలిసిన మంచే!

ఆ తాత ఎక్కేదాన్ని అక్కడ ‘ట్రీస్టాండ్’ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే మంచె. జొన్నచేలో నాలుగు గుంజలు పాతి, పైన తడిక పరిచి, ఒడిసెల పట్టుకుని పిట్టల్ని తోలిన వాళ్లకి దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎత్తు మీద కూర్చుంటే చేనంతా కనపడుతుంది. మనం మంచె కట్టింది పంటని కాపాడుకోవడానికి, వాళ్లు కట్టేది జింకని కొట్టడానికి. అదే తేడా.

‘జింకని చంపడమేంటి పాపం’ అనిపించడం సహజం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పైగా తెలంగాణకి జింక, ఆంధ్రప్రదేశ్‌కి కృష్ణజింక రాష్ట్ర జంతువులు. అక్కడి కథ వేరు. అమెరికాలో విపరీతంగా వేటాడి మాంసం, చర్మాలు అమ్ముకోవడంతో 1900 నాటికి తెల్లతోక జింకలు సుమారు ఐదు లక్షలకి పడిపోయాయని అంచనా. అప్పుడు మేల్కొన్నారు. వేట మాంసం దొంగ వ్యాపారానికి 1900లోనే చట్టంతో అడ్డుకట్ట వేశారు. 1937లో ఇంకో చట్టం తెచ్చి, తుపాకులు, తూటాల మీద వచ్చే పన్నుని వన్యప్రాణుల సంరక్షణకి మళ్లించారు. ఇప్పుడా జింకలు దాదాపు మూడు కోట్లు! వాటిని తినే తోడేళ్లు, ప్యూమాలు చాలాచోట్ల లేకుండా పోయాయి. దాంతో జింకలు పంటచేలమీద పడతాయి. రోడ్ల మీద కార్లకి అడ్డమొస్తాయి. అందుకే ఏ కాలంలో, ఎవరు, ఎన్నింటిని కొట్టొచ్చో ప్రతి రాష్ట్రమూ లెక్క కట్టి లైసెన్సులిస్తుంది.

లైసెన్సు చేతికొచ్చాక మొదలవుతుంది అసలు సందేహం. మంచె ఎక్కాలా? మాటు వేయాలా?

ముక్కుతో చూసే జంతువు

దీనికి జవాబు తెలియాలంటే ముందు జింక గురించి తెలియాలి.

దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. అందుకే తల తిప్పకుండానే చుట్టూ చాలామేరకు కనిపెట్టగలదు. రంగుల విషయంలో మాత్రం కాస్త వెనకబాటే. ఎరుపుని పట్టే కణాలు దాని కంట్లో లేవు. మనకి అంత దూరాన్నుంచి మెరిసే నారింజ కోటు దానికి మసకగా, వెలిసిపోయిన రంగులా కనిపిస్తుందంతే. నీలం మాత్రం మనకంటే బాగా తెలుస్తుంది. బట్టలు తెల్లగా మెరవడానికి డిటర్జెంట్లలో కలిపే రసాయనాలు కూడా దాని కంటికి మెరుస్తాయి. అందుకే తెలిసిన వేటగాడు వేట బట్టల్ని మామూలు సబ్బుపొడితో ఉతకడు.

రంగు తెలియకపోయినా కదలిక మాత్రం దాని కన్నుగప్పి పోలేదు. చేయి కాస్త పైకెత్తితే చాలు... తోక ఎత్తి తెల్లజెండా చూపించి మాయమైపోతుంది. ఇక ముక్కు సంగతి చెప్పక్కర్లేదు. కంటితో చూసినదాన్ని నిలబడి రెండోసారి చూస్తుందేమో గానీ, మనిషి వాసన తగిలితే మాత్రం మరో ఆలోచన ఉండదు.

అంటే, వేటగాడు దాచుకోవాల్సినవి రెండు. కదలిక, వాసన. మంచె అయినా, గుడారమైనా పుట్టింది వీటికోసమే.

చెట్టు మీద కూర్చుంటే...

మంచెల్లో రకాలున్నాయి. చెట్టుకి ఆనించి కట్టేసే నిచ్చెన మంచె ఒకటి. పట్టీలతో మానుకి బిగించేది ఇంకొకటి. మనతోపాటే మాను మీద పాకుతూ పైకెళ్లేది మరొకటి. ఏదైనా సాధారణంగా 15 నుంచి 20 అడుగుల ఎత్తులో కూర్చుంటారు.

లాభాలు చాలానే. పొదలకి అవతల ఏం వస్తోందో ముందే తెలుస్తుంది. జింక ఎక్కువగా తన ఎత్తులోనే ప్రమాదాన్ని వెతుకుతుంది కాబట్టి పైనున్న మనిషి త్వరగా కంటపడడు. ఒంటి వాసన కూడా దగ్గర్లో ఉన్న జింక తల మీదుగా వెళ్లిపోయే అవకాశం ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. పైనుంచి కిందకి పేల్చిన తూటా గురి తప్పినా నేలలో దిగబడుతుంది. అదే నేలమీద కూర్చుని అడ్డంగా పేలిస్తే, వెనక మట్టిగట్టు లేకపోతే, ఆ తూటా ఎంత దూరమెళ్లి ఎవరికి తగులుతుందో ఎవరు చెప్పగలరు?

నష్టాలూ ఉన్నాయి. ఆకులు రాలిన చెట్టు మీద మనిషి ఆకాశం ముందు బొమ్మలా నిలబడిపోతాడు. చలిగాలికి అడ్డుండదు. విల్లుతో వేటాడేవాళ్లకి ఇంకో చిక్కు. జింక మరీ చెట్టు మొదట్లోకి వస్తే బాణం నిట్టనిలువుగా దిగుతుంది. రెండు ఊపిరితిత్తులకీ తగలాల్సింది ఒకదానికే తగులుతుంది. దెబ్బతిన్న జింక మైళ్లకొద్దీ పరుగెత్తి ఎక్కడో పడిపోతుంది. మంచి వేటగాడికి అంతకంటే బాధ ఉండదు. వేట వదిలి రాత్రంతా టార్చిలైటుతో నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరుగుతాడు.

నేల మీద మాటేస్తే...

మాటు వేయడం మంచెకంటే పాతది. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర ఓ ఆదివాసీ ఒంటరిగా జనంలోకి వచ్చాడు. యాహి తెగలో మిగిలిన ఆఖరి మనిషి అతనే. ఇషీ అని పిలిచేవారు. అతని దగ్గర విలువిద్య నేర్చుకున్న శాక్స్టన్ పోప్ అనే డాక్టరు ఆ వేట పద్ధతుల్ని రాసిపెట్టాడు. వేటకి ముందు ఇషీ చేపలు తినేవాడు కాదు. పొగ తాగేవాడు కాదు. పొద్దున్నే స్నానం చేసేవాడు. పొద చాటున చేరి, లేత ఆకుని పెదవుల మధ్య పెట్టుకుని పిల్లజింక అరుపులా శబ్దం చేసేవాడు. అతనికి మంచె లేదు, గుడారమూ లేదు. ఉన్నదల్లా ఓపిక.

ఇప్పుడు ఆ పొద స్థానంలో ‘గ్రౌండ్ బ్లైండ్’ వచ్చింది. గొడుగులా తెరుచుకునే చిన్న గుడారం. పైన ఆకులూ కొమ్మల బొమ్మలు, లోపలంతా నలుపు, చుట్టూ చిన్న కిటికీలు. లోపల మనిషి కాస్త కదిలినా బయటికి తెలియదు. వానొచ్చినా తడవడు. కుర్చీ వేసుకోవచ్చు. కాళ్లు చాపుకోవచ్చు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు కూడా వేటకి రావచ్చు.

పిల్లలకైతే ఇదే నయం. విస్కాన్సిన్‌లో శిక్షణ పూర్తికాని కొత్తవాళ్లు వేటకొస్తే, పక్కనుండే పెద్దవాళ్లు చేతికందేంత దూరంలోనే ఉండాలని నియమం. ఒక్క మనిషి కూర్చునే మంచె మీద అదెలా కుదురుతుంది? ఇద్దరు కూర్చునే నిచ్చెన మంచె అయినా ఉండాలి, లేదంటే గుడారమైనా ఉండాలి. పైగా పిల్లలు కుదురుగా కూర్చోరు. చలేస్తోందంటారు, బిస్కెట్ కావాలంటారు, ఇంకెంతసేపంటారు. గుడారం గోడలు ఇవన్నీ దాచిపెడతాయి.

అయితే గుడారం తెచ్చి అదేరోజు పాతేస్తే పని జరగదు. నిన్నటిదాకా లేని గుట్ట ఈరోజు ఎక్కణ్నుంచి వచ్చిందని జింకలు అనుమానిస్తాయి. రెండుమూడు వారాల ముందే నిలబెట్టి, చుట్టూ అక్కడి కొమ్మలే కప్పి, వాటికి అలవాటు చేయాలి. వెనక కిటికీలు మూసేయాలి. లేకపోతే వెలుతురు అడ్డంగా దూరి లోపలి మనిషి నీడ కనిపిస్తుంది. లోపల నల్లబట్టలు వేసుకుంటే గోడలో కలిసిపోతారు. ఇక చూపు సంగతి... కిటికీ ఎంతుంటే అంతే. వెనక నుంచి వచ్చిన జింక ఎప్పుడొచ్చిందో, ఎప్పుడెళ్లిందో తెలియదు.

గాలి చెప్పే మాట

పాతకాలపు వేటగాళ్లని ‘మంచెనా, గుడారమా’ అని అడిగితే, ‘ముందు గాలెటుందో చూడు’ అంటారు. ఎక్కడ కూర్చున్నా గాలి జింక వైపు నుంచి మన వైపు రావాలి. అటు వెళ్తే ఆ రోజుకి వేట ముగిసినట్టే.

కొండలూ లోయలూ ఉన్నచోట ఇంకో మర్మముంది. పొద్దున్న ఎండెక్కేకొద్దీ గాలి వేడెక్కి పైకి లేస్తుంది. సాయంత్రం చల్లబడి లోయలోకి దిగుతుంది. ఉదయం బాగా పనికొచ్చిన మంచె సాయంత్రానికి పనికిరాకుండా పోయేది అందుకే. గుడారంలో గాలి వచ్చేవైపు కిటికీలు మూసేస్తే వాసన కొంతవరకు లోపలే ఆగుతుంది. కొంతవరకే సుమా!

నేలని బట్టి కూడా నిర్ణయం మారిపోతుంది. విస్కాన్సిన్, మిషిగన్ లాంటి చోట్ల పెద్దపెద్ద చెట్లు ఉంటాయి కాబట్టి మంచెకి కొదవ లేదు. దక్షిణ టెక్సాస్‌లో ఉండేవి పొట్టి తుమ్మజాతి చెట్లు. వాటికి మంచె ఎక్కడ కడతారు? అందుకే అక్కడ స్తంభాల మీద పెట్టెలాంటి గదులు నిలబెడతారు. కాన్సస్, నెబ్రాస్కా మైదానాల్లో చెట్టే అరుదు. అక్కడ ఎండుగడ్డి మోపులా కనిపించే గుడారాలు వాడతారు. పొలంలో గడ్డిమోపుని చూసి ఏ జింక బెదురుతుంది చెప్పండి?

పడితే...?

ఇంతవరకు మాట్లాడుకున్నదంతా జింక గురించి. నానమ్మ బెంగ జింక గురించి కాదు.

వేటలో ప్రమాదమంటే తుపాకీ తూటానే అనుకుంటారు అందరూ. కానీ అమెరికాలో వేటగాళ్లు ఆసుపత్రి పాలవడానికి ముఖ్య కారణాల్లో ఒకటి మంచె మీంచి పడిపోవడం. ఇరవై అడుగులంటే రెండంతస్తుల ఎత్తు. వెన్నుపూస విరిగితే మనిషి జీవితాంతం మంచానికో, చక్రాల కుర్చీకో అంటుకుపోతాడు. అడవిలో ఒక్కడే ఉంటాడు కాబట్టి పడిన సంగతి ఇంకొకరికి తెలిసేసరికి చీకటి పడొచ్చు.

పడేది ఎప్పుడు? కూర్చున్నప్పుడు కునుకుపట్టి పడతారనుకుంటాం. అదీ ఉంది. కానీ ఎక్కువ ప్రమాదం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. ముఖ్యంగా నిచ్చెన మీంచి మంచె మీదికి కాలు మార్చే ఆ ఒక్క క్షణంలో. మెట్టు మీద మంచు పేరుకుని ఉంటుంది. చేతులకి మందపాటి తొడుగులుంటాయి. చీకటి. తొందర.

మంచెని చెట్టుకి పట్టి ఉంచే పట్టీలు ఏడాదంతా ఎండకీ వానకీ అక్కడే ఉంటే పుచ్చిపోతాయి. ఉడతలు కొరికేస్తాయి. చెట్టు లావెక్కేకొద్దీ బిగుసుకుని తెగడానికి సిద్ధంగా ఉంటాయి. చెట్టునీ నమ్మడానికి లేదు. 2002లో మిషిగన్‌లో బయటపడ్డ ఎమరాల్డ్ ఆష్ బోరర్ అనే పచ్చని పురుగు అక్కడ కోట్లాది ఆష్ చెట్లని చంపేసింది. చచ్చిన ఆష్ మాను త్వరగా పెళుసెక్కిపోతుంది. పైకి నిలబడే ఉంటుంది. మనిషి బరువు పడితే మాత్రం చెప్పలేం.

‘నలభై ఏళ్లుగా ఎక్కుతున్నా’ అన్న తాత మాటలో ఉన్న లోపమిదే. నలభై ఏళ్లనాటి చెట్టు కాదది. నలభై ఏళ్లనాటి మోకాళ్లూ కావవి.

తాడు ఒక్కటే తోడు

అలాగని మంచెలన్నీ పీకి పారేయక్కర్లేదు. చేయాల్సింది తెలిసి చేస్తే చాలు.

భుజాలు, నడుము, తొడలు అన్నిటినీ చుట్టి పట్టుకునే హార్నెస్ తప్పనిసరి. వెనకటికి నడుముకి ఒక్క బెల్టు కట్టుకునేవారు. పడితే అదే పొట్టనో ఛాతీనో నొక్కేసి ఊపిరాడనిచ్చేది కాదు. ఆ హార్నెస్ కూడా మంచె మీద కూర్చున్నాక తగిలించుకుంటే సగం పని అయినట్టే. చెట్టు పైనుంచి మొదలుదాకా ఓ తాడు వేలాడదీసి, దానికి జారుముడి వేసి, నేల మీదే కొక్కెం తగిలించుకోవాలి. పైకి వెళ్లేకొద్దీ ముడిని జరుపుకుంటూ వెళ్లాలి. పట్టు తప్పితే ముడి బిగుసుకుని ఆపేస్తుంది. కాలు నేల విడిచింది మొదలు మళ్లీ నేలని తాకేదాకా ఆ తాడుతో బంధం తెగకూడదు.

హార్నెస్ ఆపింది కదా అని గాల్లో వేలాడుతూ ఉండిపోకూడదు. కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలోకి చేరి ప్రాణం మీదికి వస్తుంది. కాళ్లు పెట్టుకుని నిలబడటానికి వీలుగా ఓ చిన్న పట్టీ జేబులో ఉండాలి. తుపాకీనో విల్లునో భుజాన వేసుకుని ఎక్కడం పెద్ద తప్పు. తుపాకీలో తూటాలు తీసేసి, పైకెళ్లాక తాడుతో లాక్కోవాలి. ఫోను సంచిలో కాకుండా చెయ్యి అందే జేబులో పెట్టుకోవాలి. అన్నిటికంటే ముందు, ఏ చెట్టు ఎక్కుతున్నదీ, ఎన్నింటికి వచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి. చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించినా చాలు.

గుడారానికీ గండాలున్నాయి

‘సరే, నేల మీదే కూర్చుంటే ఏ గొడవా లేదు కదా’ అనుకుంటే పొరపాటే.

మంచె మీదున్నవాడి నారింజ కోటు నాలుగువైపులా కనిపిస్తుంది. గుడారంలో కూర్చుంటే ఆ కోటు లోపలే ఉండిపోతుంది. జింకకి కనపడకుండా దాక్కున్న మనిషి, తుపాకీ పట్టుకున్న పక్క వేటగాడికీ కనపడడు! అందుకే విస్కాన్సిన్‌లో రాష్ట్ర సహజ వనరుల శాఖ భూముల్లో తుపాకీ వేట రోజుల్లో గుడారం బయట ఏవైపు నుంచి చూసినా కనపడేలా కనీసం 144 చదరపు అంగుళాల నారింజ రంగు ఉండాలంటారు. అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు గుడ్డముక్క అంత. 2016 నుంచి మెరిసే గులాబీ రంగుని కూడా ఒప్పుకుంటున్నారు.

చలికి తట్టుకోలేక మూసిన గుడారంలో గ్యాస్ హీటరు వెలిగించడం మరో ప్రమాదం. కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. తల బరువెక్కుతోందని తెలిసేలోపే మనిషి నిద్రలోకి జారుకుంటాడు. హీటరు వెలిగిస్తే గాలాడేలా కిటికీలు తెరిచే ఉంచాలి. తుపాకీ పేల్చేటప్పుడు గొట్టం మూతి కిటికీ బయటే ఉండాలి. లేకపోతే లోపలున్నవాళ్ల చెవులు దిమ్మెక్కుతాయి, గుడ్డ చినుగుతుంది. పెనుగాలికి గుడారమే ఎగిరిపోకుండా నాలుగు మూలలా మేకులు లోతుగా దిగ్గొట్టాలి.

ఇంతకీ ఏది?

వయసులో ఉండి, నిటారైన ఆరోగ్యమైన చెట్టు దొరికి, తాడు వదలని క్రమశిక్షణ ఉన్నవాళ్లకి మంచె బాగుంటుంది. దట్టమైన పొదల్లో, ఇళ్లకి దగ్గర్లో తుపాకీ పేల్చాల్సిన చోట్ల మంచే మేలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, కళ్లు తిరిగేవాళ్లకి, నిద్రమాత్రలు వాడేవాళ్లకి, పిల్లలతో వెళ్లేవాళ్లకి గుడారమే దిక్కు. ఒక్కరే వెళ్తూ, ఫోను సిగ్నలు లేనిచోట చెట్టెక్కాల్సి వస్తే, అది రెండుసార్లు ఆలోచించాల్సిన పని. చాలామంది రెండూ పెట్టుకుంటారు. పొద్దున్న గాలిని బట్టి ఒకటి, సాయంత్రం గాలిని బట్టి ఇంకొకటి.

జింక దొరకడం, దొరక్కపోవడం మంచెలోనూ లేదు, గుడారంలోనూ లేదు. గాలిలో ఉంది, ఓపికలో ఉంది. గుడారం అన్న మాటే తెలియని ఇషీ పొద చాటున కూర్చునే వేటాడాడు మరి. కానీ ఇంటికి తిరిగి రావడం మాత్రం ఎంచుకున్న చోటులోనే ఉంది.

ఇందాకటి వంటగదిలోకి మళ్లీ వెళ్దాం. తాత కాఫీ కప్పు కింద పెట్టాడు. ఓసారి మనవరాలి వంక చూశాడు. ఈ పిల్లని ఇరవై అడుగుల పైకి ఎక్కించగలడా? ఎక్కించలేడు. కిందొదిలేసి తనొక్కడే ఎక్కగలడా? అదీ చేయలేడు. గోడకి వేలాడుతున్న హార్నెస్‌ని అక్కడే వదిలేసి, మూలనున్న గుడారం సంచి భుజానికెత్తుకున్నాడు.

‘దీని కోసమే సుమా!’ అన్నాడు గుమ్మం దాటుతూ.

‘సరేలే’ అంది నానమ్మ. ఎవరి కోసమైతేనేం!